చంద్రపూర్ బస్సులో ఎక్కిళ్ళు

నాకు పేస్‌మేకర్ పెట్టి మూడు వారాలైంది. గాయం చూపించుకోవడానికి గోండ్‌పిప్రి నుంచి చంద్రపూర్ వెళ్ళాలి. ఉదయం ఏడున్నర బస్సు ఎక్కితే పది లోపు దిగొచ్చు. మా ఆవిడ పోయి రెండేళ్ళు, అందుకే ఒంటరిగా బయల్దేరాను. లోపల తీగ కుదురుకునేదాకా, అంటే ఆరు వారాలపాటు, ఎడమ చెయ్యి భుజం దాటి ఎత్తొద్దన్నారు డాక్టరు. సంచి ఒళ్ళోనే పెట్టుకున్నాను.

కోఠారిలో నా తోడల్లుడు లింగయ్య, అతని భార్య సుగుణ ఎక్కారు, లింగయ్య చెకప్‌కు అదే ఆసుపత్రికి. సుగుణ మా ఆవిడ చెల్లెలే. లింగయ్యకు నాకంటే నెల ముందే ఈ మిషన్ పెట్టారు. అతని ఆరు వారాల గడువు తీరిపోయింది కూడా. అయినా సంచి సుగుణే పైన పెట్టింది, సీటు తుడిచి కూర్చోబెట్టింది, మిషన్‌కు దగ్గరగా ఉండకూడదని అతని ఎడమ జేబులోని ఫోను తీసి కుడి జేబులో వేసింది. నాకు కడుపు మండిపోయింది. ఇద్దరికీ మిషన్ ఉంది, మనిషి మాత్రం అతనికే ఉంది.

"బావా, నీ సంచి గిటియ్యి, పైన పెడ్త," అంది సుగుణ.

"నాకేమైంది? నేనే పెట్టుకుంట," అని లేచి, పంతానికి ఎడమచేత్తోనే సంచి పైకి తోశాను. భుజం కింద చురుక్కుమంది. పైకి కనిపించనివ్వలేదు.

బల్లార్పూర్ దాటేసరికి ఎక్కిళ్ళు మొదలయ్యాయి. "ఎవరో తలుసుకుంటున్నరే అన్నా," అని నవ్వాడు లింగయ్య. నిజం చెప్పొద్దూ, నాకు గర్వంగా అనిపించింది. నన్నూ తలుచుకునేవాళ్ళు ఉన్నారని అతను విననీ అనుకుని, సుగుణ ఇచ్చిన నీళ్ళు తాగలేదు. మనసులో మా ఆవిడ పేరు అనుకున్నాను. ఎక్కిళ్ళు ఆగలేదు.

బస్టాండ్ నుంచి ముగ్గురం ఒకే ఆటోలో ఆసుపత్రికి వెళ్ళాం, ముప్పై రూపాయలు. డ్రైవరు అక్కడి బొగ్గు గనుల దగ్గర ఉండే తెలుగువాడే. "కాకా, ఏందీ ఎక్కిళ్ళు? గడియారం కొట్టినట్టు వస్తున్నయి," అన్నాడు. అప్పుడు మిషన్ గుర్తొచ్చి భయమేసింది.

ఎక్స్‌రే చూసి డాక్టరు, తీగ కొస జారిందనీ, మిషన్ కొట్టే కరెంటు దెబ్బ గుండె కింది కండరానికి తగిలి ఎక్కిళ్ళు వస్తున్నాయనీ చెప్పారు. మళ్ళీ కోసి సర్దాలి, రెండోసారి కోస్తే చీము పట్టే ప్రమాదమూ ఎక్కువేనట. "చెయ్యి ఎత్తారా?" అని అడిగారు. బస్సులో సంచి పైకి తోశానని చెప్పాను.

"గా సంచి నేను గుంజుకోవాల్సుండె," అని సుగుణ కళ్ళు తుడుచుకుంది. ఆ మధ్యాహ్నమే తీగ సర్దారు. లింగయ్య తన చెకప్ మానుకుని బయట బల్ల మీదే కూర్చున్నాడు.

అసూయ పూర్తిగా పోయిందని అనను. సుగుణ అతనికి మాత్ర అందిస్తుంటే ఇప్పటికీ గుచ్చుకుంటుంది. కానీ ఆ రోజు నన్ను ఎక్కడో ఎవరో తలుచుకుంటున్నారని మురిసిపోయాను, పక్క సీట్లోంచి చాపిన చెయ్యిని మాత్రం కాదన్నాను.

ఈ దారిన వెళ్ళేవారికి ఒక్క సలహా. మిషన్ పెట్టిన కొత్తలో ఆగని ఎక్కిళ్ళు వచ్చినా, కళ్ళు తిరిగినా, గాయం ఎర్రబడినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి. బస్సులో ఎవరైనా సంచి అడిగితే, ఇచ్చేయండి.