పెట్టె రాలేదు

నిరుడు ఒమాన్‌లో రూవి నుంచి నిజ్వా వెళ్లే బస్సులో ఫోన్లో పెదతాత ఫొటో చూసుకుంటున్నాను. మిలిటరీ దుస్తుల్లో ఉంటాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన ఏ ఎడారిలో చనిపోయాడో కనుక్కోవాలని అప్పటికే చాన్నాళ్లుగా వెతుకుతున్నాను.

పక్క సీట్లోని మనిషి, జగిత్యాల వైపు మేస్త్రీ, తొంగిచూశాడు. "ఎవలు సార్ ఈన?"

"మా తాతకి అన్న. యుద్ధంలో పోయాడు."

"పెట్టె అచ్చిందా?"

గల్ఫ్‌లో పోయినవాళ్లు ఊరికి పెట్టెలోనే చేరతారు. ఆయన అడిగేది అదేనని కాసేపటికి గానీ అర్థం కాలేదు.

"లేదు, టెలిగ్రాం వచ్చింది."

"కాయితం అస్తె ఏమైతది? మా రూమ్‌ల ఒకడు సచ్చిండని గిట్లనే ఇంటికి ఫోన్ వోయింది. దినాలు గూడ జేసిన్రు. ఆడు జైల్ల ఉండె. పెట్టె రాంది సచ్చిండని ఎట్లంటరు సార్?"

పెదతాతది ఇప్పుడు బతికుండే వయసు కాదని చెప్పబోతుంటే బస్సు ఆగింది. మేస్త్రీ ఫొటోకి నమస్తే పెట్టి దిగిపోయాడు.

పెదతాత భార్య చివరిదాకా బొట్టు తీయలేదు. టెలిగ్రాం చూపిస్తే "మరి మనిషేడీ?" అనేది. మతి చెడిందనుకునేవాళ్లం.

మొన్న ఒక సైనిక శ్మశానంలోని, పెదతాత పేరు చెక్కిన రాయి ఫొటో నెట్లో దొరికింది. పేరు సరిపోయింది, పటాలం సరిపోయింది. ఇంటికి ఫోన్ చేసి దొరికాడని చెప్పాలో, పోయాడని చెప్పాలో తెలియక అలాగే కూర్చున్నాను.