రెండో బ్రేకు

ఆవిడ నోరు పెద్దది. ముందే చెప్పేస్తే ఓ పనైపోతుంది. ఆ పేటలో స్టీరింగు పట్టుకున్న ప్రతివాళ్ళూ ఆ నోటికి ఒకసారైనా బలైనవాళ్ళే. "అద్దం పెట్టింది తల దువ్వుకోడానికి కాదు నాయనా, వెనకాల ఎవరొస్తున్నారో చూడ్డానికి!" అని ఆవిడ ఒక్క అరుపు అరిస్తే, పక్కనుంచి పోతున్న బండివాళ్ళు కూడా తమ అద్దాలు సర్దుకునేవాళ్ళు. అందరూ ఆవిణ్ణి టీచరమ్మ అంటారు. బడిలో పాఠాలు చెప్పిన టీచరు కాదు, కారు నేర్పిన టీచరు.

ఆవిడ కారు కూడా ఆవిడలాంటిదే. పొట్టిగా, గట్టిగా, హారను కొడితే వీధంతా వినిపించేలా ఉంటుంది. అందరి కార్లకీ లేని సొగసు దానికొకటుంది. డ్రైవరు కాళ్ళ దగ్గర ఉండే క్లచ్చు, బ్రేకు కాక, పక్క సీటు ముందు కూడా ఇంకో క్లచ్చు, ఇంకో బ్రేకు. నేర్చుకునేవాడు కంగారుపడి ఏది తొక్కాలో మర్చిపోతే, పక్కన కూర్చున్న టీచరమ్మ తొక్కి ఆపాలన్నమాట. ఆ రెండో బ్రేకు ఎన్ని కరెంటు స్తంభాల్ని కాపాడిందో లెక్కలేదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. టీచరమ్మ రచ్చ గెలిచింది గానీ ఇంట ఓడిపోయింది. ఊరందరికీ నేర్పింది, మొగుడికి మాత్రం నేర్పలేకపోయింది. ఆయన కుట్టుమెషిన్లు బాగుచేస్తాడు. ముందుగదిలోనే ఆయన దుకాణం. చిన్న స్క్రూడ్రైవరు, సన్నమూతి నూనె డబ్బా, ఓ పాత గుడ్డ, ఇవీ ఆయన ఆస్తి. మనిషి నెమ్మది. కారు పేరెత్తితే మాత్రం చెమటలు పట్టేవి. "కాలితో తొక్కే మెషిన్ నాకొకటి ఉందిగా. ఎంత తొక్కినా ఉన్నచోటే ఉంటుంది. అదీ మెషినంటే!" అనేవాడు.

అలా సాగిపోతున్న సంసారంలో, ఓ వానరోజు టీచరమ్మ తడిసిన మెట్ల మీద జారింది. తుంటి విరిగింది. డాక్టర్లు అతికించారు, ఆవిడ లేచింది, నడిచింది. కానీ కుడికాలు వెంటనే మాట వినడం మానేసింది. చెప్పిందొకటైతే కాస్త ఆలోచించుకుని, ఆనక చేసేది. కారు ఆపాల్సిన కాలు ఆలోచించుకుంటూ కూర్చుంటే ఎలా? కారు వెనక షెడ్డులో చేరింది. పైన టార్పాలిన్ పడింది. నాలుగేళ్ళు గడిచిపోయాయి.

ఆ నాలుగేళ్ళూ ఇంట్లోవాళ్ళు పడ్డ అవస్థ పగవాళ్ళకి కూడా వద్దు. నేర్పడానికి మనుషుల్లేక ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని దారినపోయేవాళ్ళకి నేర్పేది. సందులో ఎవడైనా బండి వెనక్కి తిప్పుతుంటే చాలు, "కుడికి కొట్టు, కుడికి! అది కుడేనా? అన్నం తినే చెయ్యేదో కూడా తెలీదట్రా నీకు?" అని కేకలు. పాపం, వాడెవడో, ఏ పని మీద వచ్చాడో. వాడు వెళ్ళిపోయాక ఆవిడ కిటికీ ఊచ పట్టుకుని అలాగే ఉండిపోయేది. పిలిస్తే పలికేది కాదు. ఆయన లోపల్నుంచి చూసి, మళ్ళీ మెషిన్ ముందు కూర్చునేవాడు.

పక్కింట్లోనే ఆయన అక్కగారుంటుంది. టెంట్లూ కుర్చీలూ అద్దెకిచ్చే వ్యాపారం. ఆవిడ కన్ను ఎప్పట్నుంచో ఆ షెడ్డు మీదుంది. ఓరోజు పొద్దున్నే వచ్చి, టీ తాగుతూ కదిపింది.

"ఏమ్మా మరదలా, ఆ డొక్కు ఇనపసామాన్లవాడికి ఇచ్చెయ్యరాదూ? నా కుర్చీలు వానకి తడుస్తున్నాయి."

"అది డొక్కు కాదు వదినగారూ. నా స్కూలు. నేను మళ్ళీ నేర్పుతాను."

"నేర్పుతావా? ఏ కాలితో?"

అక్కగారు చెడ్డది కాదు. నోటికి గేటు లేదంతే. అన్నాక నాలిక కరుచుకుంది. కానీ మాట జారాక ఏం లాభం? ముందుగదిలో టకటకమంటున్న మెషిన్ కూడా ఆగిపోయింది.

టీచరమ్మ మొహం ఎర్రబడింది. "పక్క సీట్లో ఎక్సిలేటర్ ఉండదండీ. ఉన్నవి రెండే, క్లచ్చూ బ్రేకూ. నా ఎడంకాలికేం జబ్బు? అది నిక్షేపంలా ఉంది. కారు కదిలించి చూపిస్తాను. అందులో ఒక్కళ్ళకి నేర్పి చూపిస్తాను. నెలాఖరుకి చెయ్యలేకపోతే షెడ్డు మీరే తీసుకోండి, కారు ఇనపసామాన్లవాడికే పోనీండి."

అనేసింది గానీ లోపల అనుమానమే. ఎడంకాలు పుట్టి బుద్ధెరిగాక క్లచ్చు తొక్కడం తప్ప వేరే ఉద్యోగం చెయ్యలేదు. దానికి ఈ వయసులో బ్రేకు పని అప్పగిస్తే చేస్తుందా? అసలు ముందు కారు లేవాలిగా! ఈ రెండింట్లో ఏది తప్పినా తను మిగిలిన బతుకంతా కిటికీ టీచరే. ఆ సంగతి ఆవిడకి బాగా తెలుసు.

కబురు పెడితే సెకండ్ గేర్ వచ్చాడు. నేర్చుకునే రోజుల్లో రెండో గేరు దాటి ఎప్పుడూ వెళ్ళలేదని టీచరమ్మ పెట్టిన పేరది. ఇప్పుడతను మెకానిక్కు, సొంత షెడ్డుంది, పిల్లల తండ్రి. అయినా ఆవిణ్ణి చూడగానే చొక్కా గుండీలు సరిచూసుకుంటాడు.

టార్పాలిన్ తీస్తే దుమ్ము లేచింది. లోపల కారు మాత్రం చూడ్డానికి ముచ్చటగానే ఉంది. "పర్లేదమ్మా, ఎలకలు కూడా పట్టలేదు" అన్నాడు సెకండ్ గేర్. తలుపు లాగితే చప్పుడు లేకుండా తెరుచుకుంది. పక్క సీటు పెడళ్ళు నొక్కి చూశాడు. వెన్నలా దిగాయి. "నాలుగేళ్ళు నిలబడ్డ బండి కిర్రుమనకపోవడం ఏంటమ్మా, విచిత్రంగా ఉందే!" అనుకుంటూ పని మొదలెట్టాడు.

పాత పెట్రోలు వార్నిష్ కంపు కొడుతుంటే మొత్తం తీసేశాడు. కొత్త బ్యాటరీ వేశాడు. టైర్లు మార్చాడు. చక్రాలు విప్పి బ్రేకులు శుభ్రం చేశాడు. కార్బొరేటర్ విప్పి కడిగాడు. ఇదంతా అవడానికి చాలా రోజులే పట్టింది. ఆ రోజులన్నీ టీచరమ్మ కుర్చీ వేసుకుని పక్కనే కూర్చుంది. "ఆ నట్టు బిగించావా? నిజంగా బిగించావా? నా మొహం చూసి చెప్పు" అంటూ అతని ప్రాణం తీసింది.

అన్నీ అయ్యాక తాళం తిప్పాడు. గిర్రుగిర్రుమంది, అంటుకోలేదు. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అదే. ప్లగ్గు విప్పి చూస్తే నిప్పురవ్వ రావడం లేదు. కొత్త ప్లగ్గులు వేశాడు. ఊహూ. నెల చివరికొచ్చేసింది. గోడ అవతల అక్కగారు కుర్చీలు దుమ్ము దులుపుతున్న చప్పుడు టీచరమ్మ చెవుల్లో జోరీగలా మోగుతోంది.

ఆఖరికి సెకండ్ గేర్ ఇంజను పక్కనున్న ఓ నల్లటి మూత క్లిప్పులు తప్పించి తీశాడు. ప్లగ్గులకి కరెంటు పంచేది అదే. లోపల రెండు చిన్న బిళ్ళలుంటాయి. అవి కలుస్తూ విడిపోతూ ఉంటేనే రవ్వ పుడుతుంది. పొడిగా ఉండాల్సిన చోటది. చూస్తే నూనెలో తేలుతోంది.

"ఇదేంటమ్మా! ఇక్కడ నూనె పోశారెవరో. దానంతటదిగా వచ్చేది కాదు. పగబట్టినట్టు పోశారు."

టీచరమ్మకి ఇంకేం చెప్పక్కర్లేకపోయింది. షెడ్డు మీద ఎవరి కన్నుంది? చేతికర్ర తీసుకుని, కాలీడ్చుకుంటూ గోడ దగ్గరికి వెళ్ళి, "వదినగారూ! ఇలా రండి!" అని ఒక్క కేక వేసింది. పావురాలు లేచిపోయాయి.

అక్కగారు విషయం విని గుండెలు బాదుకుంది. "నేనా? నూనె పోశానా? కావాలంటే మొహం మీద అడుగుతాను గానీ దొంగచాటు పన్లు చేస్తానటమ్మా నేను? ఇన్నేళ్ళ కాపురంలో నన్ను తెలుసుకున్నది ఇదేనా? ఒరే తమ్ముడూ, నీ పెళ్ళాం మాటలు విన్నావట్రా?"

తమ్ముడు అప్పటికే షెడ్డు గుమ్మంలో ఉన్నాడు. చేతిలో ఆ సన్నమూతి నూనె డబ్బా.

"అక్కనేమీ అనకు. నేనే పోశాను" అన్నాడు.

మేలు చెయ్యబోతే కీడెదురైందంటే ఇదే. ఆయనే నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. "వాడకుండా పెట్టిన మెషిన్ పట్టేస్తుందే. కదిలే చోటల్లా చుక్క వెయ్యాలి. మా పనిలో మొదటి పాఠం అదే. ఈ కారుకి కూడా అంతే కదా అనుకున్నా. తలుపులకి వేశాను, పెడళ్ళకి వేశాను. ఈ మూత తీస్తే లోపల కదిలేదేదో కనిపించింది. దానిక్కూడా వేశాను. వారం వారం."

"వారం వారమా? నాలుగేళ్ళూనా?" సెకండ్ గేర్ తల పట్టుకున్నాడు. "చక్రాల్లో బ్రేకుల దాకా మీ చెయ్యి దూరలేదు కాబట్టి బతికిపోయాం బాబాయ్‌గారూ!"

టీచరమ్మ తిడుతుందని అందరూ చూస్తున్నారు. ఆవిడ నోరు తెరిచింది. ఒక్క మాటే వచ్చింది.

"ఎందుకండీ?"

"ఎందుకేంటే? నువ్వు మళ్ళీ ఎక్కుతావుగా. ఎక్కినప్పుడు ఏదీ బిగుసుకుపోయి ఉండకూడదని."

తను మళ్ళీ ఎక్కుతుందని తనకే నమ్మకం లేని రోజులవి. కిటికీ దగ్గర కూర్చుని ఇక తన పని అయిపోయిందని ఏడ్చుకున్న రోజులు. ఆ రోజుల్లో కారంటే చెమటలు పట్టే ఈ మనిషి, టార్పాలిన్ కింద దూరి, తెలిసీ తెలియని ప్రేమతో చుక్కలు వేస్తూ కూర్చున్నాడన్నమాట. టీచరమ్మకి ఆయన మీద ఎంత కోపమొచ్చిందో అంత ప్రేమా వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ఏం చెయ్యాలో తెలీక, "ఆ డబ్బా ముందు అవతల పెట్టండి!" అని అరిచింది. అక్కగారు కొంగుతో కళ్ళొత్తుకుని, "పిచ్చి వెధవ" అంది తమ్ముణ్ణి.

సెకండ్ గేర్ పెట్రోలు గుడ్డతో తుడిచి, బిళ్ళల మధ్య గరుకు కాగితం ఆడించి మూత బిగించాడు. తాళం తిప్పితే కారు దగ్గింది, తుమ్మింది, ఇంత పొగ వదిలింది, లేచింది. దాని ఒళ్ళు వణుకుతుంటే టీచరమ్మ బానెట్ మీద చెయ్యేసి నిలబడింది. చాలాసేపు తియ్యలేదు.

ఇక మిగిలింది కాలు. మర్నాడు పొద్దున పేట చివర ఖాళీ మైదానానికి కారు తెచ్చారు. అవతలి కొసన పాత గోడౌన్ గోడ. "నేను నడుపుతానమ్మా, మీరు ఆపి చూడండి" అన్నాడు సెకండ్ గేర్.

"నువ్వు పనికిరావు. భయమేస్తే నీ కాలే ముందు బ్రేకు మీదికి పోతుంది. ఇక నేనేం ఆపినట్టు? ఏమీ రానివాడు కావాలి."

ఏమీ రానివాళ్ళు అక్కడ ఇద్దరే ఉన్నారు. అక్కగారు రెండడుగులు వెనక్కి వేసింది. తమ్ముడు వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. స్టీరింగు ఎలా పట్టుకోవాలో కూడా తెలీదు. కూర్చున్నాడు.

టీచరమ్మ పక్కన ఎక్కింది. ఎడంకాలితో క్లచ్చు తొక్కి, తనే గేరు వేసి, "కుడికాలితో ఎక్సిలేటర్ మెల్లగా నొక్కండి" అంది. తను క్లచ్చు వదులుతుంటే కారు కదిలింది. ఆయన మెల్లగా నొక్కడం ఎరగడు. నొక్కాడంటే నొక్కాడే. బండి ఎగురుతూ దూసుకుపోయింది.

"ఇక చాలు, వదలండి!" అంది. కొయ్యబారిన ఆ కాలు లేవలేదు. గోడ దగ్గరికొస్తోంది. ఆవిడ ఎడంకాలు ఎత్తి బలంగా తొక్కింది. ఇంజను గగ్గోలు పెట్టింది గానీ కారు ఆగలేదు. కాలు అలవాటు కొద్దీ క్లచ్చు మీదికే పోయింది! కాలు ఎత్తి, పక్కకి లాగి, ఉన్న బలమంతా పెట్టి మళ్ళీ తొక్కింది. కారు గొంతు పట్టుకున్నట్టు ఆగింది. గోడ మూరెడు దూరంలో ఉంది.

టీచరమ్మ రెండు చేతుల్లో మొహం దాచుకుంది.

"నా వల్ల కాదండీ. చూశారుగా. మిమ్మల్ని చంపేసి ఉండేదాన్ని."

"ఆపావుగా."

"ఆలస్యంగా ఆపాను."

"మొదటిరోజు ఎవరైనా అంతేనని నువ్వే అందరికీ చెప్తావుగా. ఆ కాలికి ఇవాళ మొదటిరోజు. దాన్ని కూడా తిట్టు, దార్లోకొస్తుంది."

ఏడుపులోంచి ఆవిడకి నవ్వొచ్చింది. చెంపలు తుడుచుకుంటూ ఆయనకేసి చూసింది. అప్పుడు గుర్తొచ్చింది. కారు గోడ మీదికి పోతున్నంతసేపూ ఈయన తల ఇటే తిరిగి ఉంది.

"ఏమండీ, మీరు ముందుకు చూడకుండా నా మొహం చూస్తున్నారేంటండీ?"

"గోడ చూస్తే భయమేస్తుందని నిన్ను చూశానే" అన్నాడాయన.

టీచరమ్మ ఆయన చేతిని తీసి స్టీరింగు మీద సరిగ్గా పెట్టి, దాని మీద తన చెయ్యి కాసేపు ఉంచింది. తర్వాత కిటికీలోంచి తల బయటపెట్టి, మైదానమంతా వినిపించేలా అరిచింది.

"ఒరే సెకండ్ గేర్, కారు వెనక్కి తియ్యి. ఇంకోసారి వెళ్తాం!"