సుద్ద గీత పెట్టిన చోటు

మార్చి తొమ్మిది, సోమవారం. నాలుగు వందల అరవై ఎనిమిదో మాత్ర.

ఆ లెక్క ఆమెదే. ఎముకలు గుల్లబారుతున్నాయని డాక్టరు రాసిచ్చిన నాటి నుంచి తొమ్మిదేళ్లుగా, ప్రతి సోమవారం పరగడుపున గ్లాసెడు నీళ్లతో ఆ మాత్ర మింగి, అరగంట సేపు నడుము వాల్చకుండా నిలబడేది. అయిదేళ్లయ్యాక ఒకసారి వచ్చి కనబడమని డాక్టరు నోటితో చెప్పాడే తప్ప చీటీలో రాయలేదు. చీటీలో లేనిది ఆమె మనసులో నిలవలేదు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో ముప్పై ఏళ్లుగా గుడ్డ కత్తిరిస్తున్న మనిషి. సుద్ద గీత దాటి కత్తెరను ఏనాడూ పోనివ్వలేదు. అందరూ ఆమెను కొలతలమ్మ అంటారు.

ఆరు నెలల కిందట కుడి తొడలో నొప్పి మొదలైంది. పడలేదు, దెబ్బా తగల్లేదు. పొద్దున గుడ్డ కత్తిరించే బల్ల దగ్గర నిలబడితే మధ్యాహ్నానికి తొడ మధ్యలో పంటినొప్పి లాంటి సలుపు. అరవై దాటిన ఆడవాళ్లకు నొప్పి అంటే మోకాలే అనుకునే ఆ క్లినిక్కులో రెండుసార్లు మోకాలికే ఎక్స్‌రే తీశారు. వయసుకు తగ్గ అరుగుదల అన్నారు, పూతమందు ఇచ్చారు. ఆమె మళ్లీ బల్ల దగ్గరికే వెళ్లింది. నిలబడలేని వారికి ఆ కార్ఖానాలో బల్ల ఉండదు.

ఆ సోమవారం కోడలు మూడోసారి వెంటబెట్టుకుని వచ్చింది.

"చేతికర్ర పట్టుకోమంటే వినరు కదా అత్తయ్యా."

"నేను కర్ర పట్టుకుంటే కత్తెర నువ్వు పట్టుకుంటావా?"

"నేను పట్టుకుంటే పిల్లల లాగులన్నీ ఒంటికాలివే అవుతాయి."

ఎక్స్‌రే గదిలో ఆపరేటరు చీటీ చూసి నిట్టూర్చాడు. "మళ్లీ మోకాలేనా కొలతలమ్మా? మా ఆవిడ మొహం కంటే మీ మోకాలే నాకు బాగా గుర్తుంది."

"మోకాలని చీటీ అంటోంది బాబూ, నేననడం లేదు." ఆమె సంచిలోంచి సుద్దముక్క తీసి, చీర మీదే అడ్డంగా గీత గీసింది. "తుంటి నుంచి తొమ్మిది అంగుళాలు కిందికి. బయటి పక్క. ఇక్కడ."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"మీరు చీటీ అడిగారు. నన్ను అడగలేదు."

అతను గీత మీద బొటనవేలితో నొక్కాడు. ఆమె బల్ల అంచు పట్టుకుంది.

"గజ్జల్లో కూడా లాగుతోందా? ఎముకల మాత్రలేమైనా వాడుతున్నారా?"

"తొమ్మిదేళ్లు. ఒక్క సోమవారం కూడా తప్పలేదు."

అతని మొహం మారింది. "పోయినేడు ఇవే మాత్రలు వాడే ఒకావిడకు నడుస్తూ నడుస్తూనే తొడ ఎముక విరిగింది. ఆవిడకీ అంతకుముందు నేను మోకాలే తీశాను." ఆమెను కదలవద్దని కూర్చోబెట్టి, తనే డాక్టరు దగ్గరికి వెళ్లి, రెండు తొడలూ పూర్తిగా తీయాలని చీటీ మీద రాయించుకొచ్చాడు.

ఫిల్ములో కుడి తొడ ఎముక బయటి అంచు ఒకచోట, మడిచి కుట్టిన గుడ్డలా మందంగా ఉబ్బింది. అక్కడి నుంచి సన్నని గీత ఒకటి తిన్నగా లోపలికి పోతోంది. అది సుద్ద గీతకు అరంగుళం దిగువన ఉంది.

మాత్ర చెడ్డది కాదని డాక్టరు చెప్పాడు. ఇన్నేళ్లు ఆమె వెన్నెముకను కాపాడింది అదే. కానీ ఏళ్ల తరబడి ఆపకుండా వాడితే, అరుదుగా కొందరిలో, ఎముక తన చిన్న చిన్న పగుళ్లను తాను పూడ్చుకోలేకపోతుంది. మెట్టు దిగినా విరగవచ్చు. ముందుగానే లోపల కడ్డీ వేయాలి. ఎడమ తొడలోనూ ఉబ్బు కనబడుతోంది, గీత ఇంకా రాలేదు. దాన్నీ కనిపెట్టి ఉండాలి. మాత్ర ఇవాళ్టితో ఆపాలి.

"ఎన్నాళ్లు నిలబడకూడదు?"

"కొన్ని నెలలు."

ఆమె చీటీని డాక్టరు ముందుకు జరిపింది. "మాత్ర ఆపమన్న సంగతి చీటీలో రాయండి" అంది.

తర్వాతి సోమవారం, ఆపరేషనయిన నాలుగో రోజు, మామూలు వేళకే మెలకువ వచ్చింది. వట్టి నీళ్లు తాగింది. ఆమె బల్ల దగ్గర వేరే మనిషిని పెట్టారని కోడలు మెల్లగా చెప్పింది.

"కుట్టుకు రెండు వేళ్లు వదిలి కత్తిరించమని చెప్పు" అని గోడ వైపు తిరగబోయింది. కుట్లు లాగడంతో అలాగే వెల్లకిలా ఉండిపోయింది.