పట్టులా ఉడికిన అనపకాయలు

మార్గశిరం చివరి శనివారం, పొద్దున సరిగ్గా ఎనిమిది గంటలు. ఆ గడియకు పెనుకొండ పక్క పల్లెలో, మా కూతురి అత్తగారింట్లో ఒక ఘోరం జరిగింది. చేసింది నేనే. అప్పటికి నాకు నలభై ఆరేళ్ళు. తల నిండా జుట్టు, జుట్టు కింద ఏమీ లేదు. అక్షరాలు అరవై దాటాక నేర్చుకున్నాను కాబట్టి ఇన్నాళ్ళూ ఈ సంగతి నోటితోనే చెప్పి నవ్వించాను. ఇప్పుడు రాస్తున్నాను. నవ్వేవాళ్ళు దగ్గరికి రండి, జాలిపడేవాళ్ళు కొంచెం పక్కకు జరగండి.

మాది ధర్మవరం, పట్టుచీరల మగ్గం. ముడిపట్టుకు పుట్టుకతోనే జిగురు ఉంటుంది. సబ్బు, సోడా వేసిన నీళ్ళలో ఉడికిస్తే అది పోయి పట్టు మెరుస్తుంది. మా ఇంట్లో ఆ పని నాది. ఎక్కడ జిగురు తగిలినా నా చెయ్యి సబ్బు కోసం తడుముకునేది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, కొంప ముంచింది ఇదే.

మా సరోజను సేద్యం చేసుకునే ఇంటికి ఇచ్చాము. అక్కడ పిల్లకు అన్నీ బాగున్నాయి, మగ్గం లేకపోవడం తప్ప. "నాయనా, పట్టు ముట్టక చేతులు గుంజుతాండాయి. వసారాలో ఒక మగ్గం ఏసుకుంటానని మా అత్తను నువ్వే అడుగు" అని కబురు పెట్టింది. అంతకుముందు రెండుసార్లు తానే అడిగితే, అత్త గంగమ్మ "చూద్దాంలే" అందట. గంగమ్మ "చూద్దాంలే" అన్న పని వచ్చే జన్మకు పడ్డట్టే. అందుకని ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మొదటి బస్సెక్కాను.

చలికాలం ఆ పెరడు చూడాలి మీరు! ఒక పక్క బంతిపూలు, ఒక పక్క మంచులో తడిసిన కొత్తిమీర, కంచె పొడుగునా చిక్కుడులా అల్లుకున్న అనపతీగ. నీళ్ళపొయ్యి మీద అండా పొగలు కక్కుతోంది. గంగమ్మ మొగుడు నారాయణప్ప, నాకు బావ వరస, చెవులు మూసే టోపీ పెట్టుకుని, ఎండ ఎటు జరిగితే మంచాన్ని అటు జరుపుకుంటూ పడుకున్నాడు. అంతకంటే సుఖం ఇంద్రుడికి ఉందంటే నేను నమ్మను.

గంగమ్మ వసారాలో గంపెడు అనపకాయలు దించింది.

"అన్నా, కాఫీ తాగి ఎండలో కూర్చో. హిందూపురం నుంచి మా తమ్ముడు పది గంటల బస్సుకు వస్తాడు. తొలికోత పులుసు కోసం ఏడాదంతా కాసుకోనుంటాడు వాడు. మేము ఎనుముకు గడ్డి కోసుకోని వస్తాము."

అత్తాకోడళ్ళు అటు పోయారు. మంచిపేరు తెచ్చుకుందామని నేను గంప ముందు కూర్చుని ఒక కాయ ఒలిచాను. వేళ్ళు అతుక్కున్నాయి. ఇంకొకటి ఒలిచాను. అరచెయ్యంతా జిడ్డు! మా ఇంటికి ఒలిచిన గింజలే వచ్చేవి, కాయను నేను ఎన్నడూ ముట్టి ఎరగను. ఈ జిడ్డు చేతులతో రేపు నా బిడ్డ తెల్లపట్టు ముట్టుకుంటే? చీర బతుకుతుందా? ఆలోచించండి. నేను మాత్రం ఆలోచించలేదు. గంపెత్తి అండాలో కుమ్మరించాను. బట్టల సబ్బు ఒక బిళ్ళ తరిగి వేశాను. మనసొప్పక ఇంకో అరబిళ్ళ వేశాను.

నారాయణప్ప ఒక కన్ను తెరిచాడు. "ఏం బావా, స్నానానికా?"

"మీ కాయలకు."

"కాయలకా? మీ ధర్మవరంలో అట్ల చేస్తారా?"

"జిగురుంటే చేయాల్సిందే."

"చేయప్పా, తెలిసినోనివి" అని ఆ కన్ను కూడా మూసేశాడు. తర్వాత పంచాయతీలో ఈయన నాకు సాక్షిగా పనికొస్తాడనుకున్నాను. రాలేదు.

కర్రతో తిప్పుతూ అరగంట ఉడికించాను. నురగ పొంగి పొయ్యి చుట్టూ పెళ్ళిపందిరి వేసింది. జిగురు పోయింది. నీళ్ళలో జాడించి, పట్టునూలు చిలపలు ఆరేసినట్టే చాప మీద నీడలో వరసగా పరిచాను. కాయలు పెళ్ళికొడుకుల్లా మెరిశాయి. దూరం నుంచి చూసి మురిసిపోయాను కూడా. ఆ మాట దాచడమెందుకు?

అప్పుడు వాకిట్లో హిందూపురం తమ్ముడు తిప్పన్న దిగాడు. గాలి పీల్చాడు. మళ్ళీ పీల్చాడు.

"అక్కా, వాకిలి దాటకముందే అనపకాయ వాసన కొట్టాల గదా! ఈ పొద్దు గుడ్డలు ఉతుకుతాండారా ఏమి?"

గడ్డిమోపు దించుతున్న గంగమ్మ చాప దగ్గరికొచ్చి ఒక కాయ తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. నా వైపు చూసింది.

"ఎవరు చేసింది ఈ పని?"

"నేనే చెల్లెమ్మా. జిగురుగా ఉంటే..."

"అన్నా, ఆ జిడ్డే గదా వాసన! మంచు తాగి తాగి కాయకు పట్టిన వాసన! నెల్లాళ్ళు మంచు పట్టించినాను, నువ్వు అరగంటలో కడిగి పారేసినావు!"

నారాయణప్ప మంచం మీద నుంచి అందుకున్నాడు. "నేను అప్పుడే వద్దంటినే!"

చూశారా సాక్షిని?

కాయలు ఎనుము ముందు పోశారు. అది వాసన చూసి, నన్ను ఒకసారి చూసి, మొహం తిప్పుకుంది. తిప్పన్న నవ్వు ఆపుకోలేక స్తంభం పట్టుకున్నాడు. సరోజ మాత్రం నవ్వలేదు. తన మగ్గం ఆ సబ్బునీళ్ళతో పాటు కాలవలో పోతున్నట్టు చూస్తూ నిలబడింది. ఆ చూపుకు నేను నిజంగా చిన్నబోయాను.

గంగమ్మ ఖాళీ గంప నా చేతిలో పెట్టింది. "పా, తోటలోకి. మళ్ళీ కోద్దాము."

అందరం కంచె పట్టుకుని కోశాము. ఆకుల చాటున మంచు ఇంకా ఆరలేదు, చొక్కా చేతులు తడిశాయి. నా పది వేళ్ళూ అతుక్కున్నాయి. ఒకసారి వాసన చూసుకున్నాను. అమ్మతోడు, ఆ క్షణంలో నాకు గంగమ్మ కోపం అంతా అర్థమైంది. నేను తగలేసింది గంపెడు కాయలను కాదు, ఒక మాసం చలిని.

మధ్యాహ్నం రాగిసంగటి, అనపగింజల పులుసు. మూడో ముద్ద దగ్గర నేను ధైర్యం చేసి, "చెల్లెమ్మా, ఆ మగ్గం సంగతి..." అన్నాను. సరోజ గరిటె గాల్లో ఆగిపోయింది.

"రేపే తెచ్చి వసారాలో ఎయ్యన్నా" అంది గంగమ్మ. "మగ్గమొస్తే ఇంట్లో చేతులు తగ్గిపోతాయని ఇన్నాళ్ళూ జంకినాను. ఈ పొద్దు తెలిసొచ్చింది. మీ వాళ్ళ చేతులకు మగ్గం లేకపోతే అవి నా పొయ్యి మీద పడతాయి. నాయనే ఇట్లుంటే, బిడ్డ సబ్బు పట్టుకుంటే నా తోట మిగుల్తాదా?"

సరోజ నవ్వింది, గరిటెడు పులుసు నా ఇస్త్రీ చొక్కా మీద పోసి మరీ నవ్వింది. ఆ మరక నేను ఉతకనివ్వలేదు.

ఇక నా ప్రతిజ్ఞ. సబ్బున్న చోట అనపకాయ ముట్టను, అనపకాయ ఉన్న చోట సబ్బు ముట్టను. రెండూ ఒకే ఇంట్లో ఉంటే ఆ పూటకు స్నానం కూడా మానేస్తాను. మార్గశిరం నుంచి సంక్రాంతి దాకా మా ఇంట్లోవాళ్ళు ఓపిక పట్టాలి.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళు: కోప్పడిన గంగమ్మ, మాట మార్చిన నారాయణప్ప, స్తంభం పట్టుకున్న తిప్పన్న, మగ్గం గెలిచిన మా సరోజ, నేను, నన్ను చూసి మొహం తిప్పుకున్న ఎనుము. అందరిలోకీ నిజం చెప్పే సాక్షి అదొక్కటే.