బొట్టు పెట్టిన తుపాకీ

పోయిన శనివారం మా ఇంటి పక్క గేటుకు కొత్త గడియ పెట్టించాం. ఐర్లండ్‌లో మేముండే డండాక్ ఊరి వానకు పాతది తుప్పు పట్టి ఊడిపోయింది. బిగించడానికి వచ్చిన పెద్దమనిషి పని అయ్యాక దాన్ని ఒకసారి వెనక్కి, ఒకసారి ముందుకి లాగి చూపించాడు. టక్. కాస్త ఆగి, చక్. వంటింట్లో పోపు వేస్తున్న మా ఆవిడ గరిటె చేత్తో పట్టుకునే కిటికీలోంచి తల బయట పెట్టి, "అచ్చం మా మరిది గారి తుపాకీలా ఉందండీ!" అంది. నేను వినపడనట్టు ఊరుకున్నాను. ఆవిడ మాట వినపడనట్టు ఊరుకోవడంలో నాకు చాలా ఏళ్ళ అనుభవం ఉంది. కానీ ఆ పెద్దమనిషి వెళ్ళిపోయాక, వానలో నిలబడి ఆ గడియను ఎన్నిసార్లు లాగానో నాకే తెలియదు.

మరిది అంటే ఆవిడ చెల్లెలి మొగుడు, నాకు తోడల్లుడు. లెపర్డ్స్‌టౌన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నేను ఇక్కడి ప్రభుత్వాసుపత్రిలో మత్తు డాక్టర్ని. నా దగ్గరికి వచ్చినవాళ్ళు పది అంకెలు లెక్కపెట్టే లోపే నోరు మూసుకుని నిద్రపోతారు. అది అలవాటైపోయి కాబోలు, నోరు మూయని మా తోడల్లుడంటే నాకు మొదటి నుంచీ చులకన. అతనికి ఏడాదికో పిచ్చి పట్టేది. ఒక ఏడు సైకిల్ తొక్కడం, ఒక ఏడు పులిసిన పిండితో రొట్టెలు కాల్చడం, ఒక ఏడు తేనెటీగలు. తేనెటీగలు అతనికంటే తెలివైనవి, రెండు నెలల్లో ఎగిరిపోయాయి. వాటి తరవాత వచ్చింది తుపాకీ.

దానికి కారణం ఇల్లు. ఊరికి దూరంగా విక్లో కొండల అంచున ఇల్లు కొన్నాడు. అంత దూరం ఎందుకయ్యా అంటే, గాలి బాగుంటుందన్నాడు. ఐర్లండ్‌లో గాలికి కరువన్నట్టు! ఇంటి వెనక పొలం ఒక ఐరిష్ ముసలాయనది. భార్య పోయింది. ఒక్కతే కూతురు, కార్క్‌లో ఉంటుంది. కొండ మీద నుంచి జింకలు దిగి పైరు మేసేవి. వాటిని కొట్టడానికి ఆయన దగ్గర పడుచుతనం నాటి వేట తుపాకీ ఒకటుండేది. మావాడు ఇంటర్నెట్ బాగు చేసి పెడతానని ఆ ఇంటికి వెళ్ళి, తుపాకీని చూసి వచ్చాడు. ఇంటర్నెట్ బాగుపడిందో లేదో నాకు తెలియదు.

ముసలాయనకు మోకాళ్ళు పోయాయి, చూపు తగ్గింది. నర్సింగ్ హోముకు వెళ్ళే రోజు దగ్గర పడింది. కూతురికి తుపాకులంటే అసహ్యం. తను పోయిన మర్నాడే గార్డులకు, అంటే ఇక్కడి పోలీసులకు, అప్పజెప్పేస్తుందనీ వాళ్ళు దాన్ని ముక్కలు కోయించేస్తారనీ ఆయన బెంగ. మావాణ్ణి కూర్చోబెట్టి, "నువ్వు ఉంచుకో. ఇంకెవరి చేతికీ పోనివ్వకు" అని అడిగాడట. మావాడు చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాడు. లైసెన్సు కోసం దరఖాస్తులు, ఎక్కడ కాలుస్తావని పొలం కాగితాలు, తుపాకీ పట్టుకోవడంలో శిక్షణ, గోడకు బిగించిన ఇనప బీరువా, ఆ బీరువాను చూడ్డానికి గార్డు రాక. దగ్గర దగ్గర ఏడాది పట్టింది. ఆ శ్రద్ధలో సగం ఉద్యోగం మీద పెట్టి ఉంటే ఎప్పుడో మేనేజరయ్యేవాడని మా ఆవిడతో అన్నాను. మా ఆవిడ చెల్లెలితో అంది. అలా అంటుందనే అన్నాను.

తుపాకీ ఇంటికొచ్చాక మాకు ప్రవచనాలు మొదలయ్యాయి. మేం ఎప్పుడు వెళ్ళినా బీరువా తాళం తీసి, తూటాను లోపలికి తోసే గడియను ఇంకోచోట విడిగా దాచినది తెచ్చి దానికి తొడిగి, పసిబిడ్డను అందించినట్టు రెండు చేతులతో నా ముందు పెట్టేవాడు. "చూడండన్నయ్యా, గడియ ఎత్తాల, ఎనక్కి లాగాల, ముందుకి తొయ్యాల, దించాల. అప్పుడుగానీ ఇంకోటి పేలదు. తొందరపడేవోడికి పనికిరాదు." మరి నీకెందుకయ్యా అనేవాణ్ణి. అతనికి కోపం రాదు, అదొక దరిద్రం. "నేను రాసిన ప్రోగ్రాం ఆరు నెల్లకి పాతబడిపోద్ది. ఇదేమో ముసలాయన కుర్రాడప్పుడు కొన్నది. ఇప్పటిదాకా ఒక్క అప్‌డేట్ అడగలా" అనేవాడు. లోకంలో ఎంతమంది ఇంకా ఇలాంటి పాతవాటి కోసమే వెతుకుతారో, కొత్తవి ఎన్ని వచ్చినా దీని పోలిక దీనిదేనని ఎందుకంటారో పెరుగన్నం దాకా చెప్పేవాడు. విప్పి చూస్తే ఏముంది? ఒక ఇనప గొట్టం, ఒక వాల్‌నట్ చెక్క, ఒక గడియ. మా తాతగారి గొడ్ల చావిడి తలుపుకు కూడా చెక్కా గడియా ఉండేవి. వాటిని చూసి ఎవరూ నిట్టూర్చగా నేను చూడలేదు.

పోనీ వేటాడాడా అంటే, అదీ లేదు. శనివారం పొద్దున్నే ఆకుపచ్చ కోటు తొడుక్కుని, పులిహోర డబ్బా, ఫ్లాస్కు పట్టుకుని కొండెక్కేవాడు. మధ్యాహ్నానికి తడిసి ముద్దయి దిగేవాడు. "జింక కనపడిందన్నయ్యా. నేను చూశా. అదీ చూసింది." తరవాత ఏమైందని అడిగితే, "తరవాత ఏముంది, వాన మొదలైంది" అనేవాడు. జింకల్లో కూడా ఇతని పేరు చెప్పుకుని నవ్వుకునేవి ఉంటాయనుకునేవాణ్ణి. ప్రతి ఆదివారం మాత్రం నర్సింగ్ హోముకు వెళ్ళి, తుపాకీకి నూనె రాశాననీ, చెక్క తుడిచాననీ ముసలాయనకు పూస గుచ్చినట్టు చెప్పొచ్చేవాడు. ఆయన ప్రతిసారీ అడిగేది ఒకటే. ఇక్కడి ముసలి రైతులకు ట్రాక్టరు, తుపాకీ, అన్నీ ఆడవే. "ఆమె ఎలా ఉంది?" అనేవాడట. "గ్రాండ్" అని ఇతను. ఇక్కడ గ్రాండ్ అంటే బ్రహ్మాండం అని కాదు, ఫరవాలేదు, దిగులుపడకు అని.

ఇక ఆ దసరా సంగతి. ఆయుధపూజకు అందర్నీ తన ఇంటికి పిలిచాడు. ముందుగదిలో బల్ల మీద కొత్త తువ్వాలు పరిచి మా స్టెతస్కోపులు, ల్యాప్‌టాపులు, కారు తాళాలు, ఎవరో పెట్టిన ఎయిర్ ఫ్రయ్యరు, నడిమధ్యలో తుపాకీ. దానికి బంతిపూల దండ, చెక్క మీద పసుపు, గొట్టం మీద మూడు కుంకుమ బొట్లు. ఇంతలో నాకు ఒకటి కనపడింది. ఎప్పుడూ విడిగా తాళం వేసి ఉంచే గడియ ఆ రోజు తుపాకీకే ఉంది. తూటాలు బీరువాలో ఉన్నాయి, సరే. గడియ ఎందుకు పెట్టావని అడిగాను. "అంగహీనంగా పూజ చెయ్యకూడదు కదన్నయ్యా" అన్నాడు. విరిగిన విగ్రహానికి పూజ చెయ్యరు కాబట్టి గడియ లేని తుపాకీకీ చెయ్యకూడదట. ఇలాంటి శాస్త్రం ఏ పురోహితుడికీ తోచదు, ఇంజనీరుకే తోచాలి.

హారతి అయ్యాక గుమ్మడికాయ కొట్టడానికి అందరూ బయటికి బయలుదేరారు. బూడిద గుమ్మడికాయ దొరక్క, హాలోవీన్ కోసం సూపర్‌మార్కెట్‌లో పెట్టిన నారింజ రంగుది తెచ్చి కుంకుమ నింపాడు. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి, "అన్నయ్యా, మీరు ఈడనే ఉండండి. రెండే నిమిషాలు. దాన్ని ఒంటరిగా వదలకూడదు" అన్నాడు. "నీ తుపాకీకి నన్ను కాపలా పెడుతున్నావా?" అన్నాను. అతను నవ్వి వెళ్ళిపోయాడు, నేను ఉంటాననే అనుకుని. వంటింట్లోంచి గారెల వాసన వస్తోంది. ఆసుపత్రిలో కన్సల్టెంటు డాక్టర్నైన నేను, గొడ్ల చావిడి గడియకు కాపలా! లేచి వంటింట్లోకి వెళ్ళి మూడు గారెలు తిన్నాను. అల్లం పచ్చడి బాగుందని నాలుగోది కూడా తిన్నాను.

నేను నాలుగోది తింటుండగా ముందుగది లోంచి టక్, చక్ అని వినపడింది. మళ్ళీ టక్, చక్. మావాడే మురిసిపోతున్నాడనుకున్నాను. కాదు. ఎవరో అతిథుల అయిదేళ్ళ పాప, తుపాకీని ఒళ్ళోకి లాక్కుని గడియతో ఆడుకుంటోంది. తెరిచిన కిటికీ అవతల, రోడ్డు మీద కుక్కను తిప్పుతున్న పక్కింటావిడ నిలబడిపోయి చూస్తోంది. పూల దండ, ఎర్రటి మరకలు, తుపాకీ, పసిపిల్ల. ఆవిడ స్థానంలో ఉంటే నేనైనా గార్డులకు ఫోన్ చేసేవాణ్ణి.

గార్డులు ఇద్దరొచ్చారు. గుమ్మం ముందు పగిలి ఎర్రగా పడున్న గుమ్మడికాయను చూసి, హాలోవీన్ ఏటేటా ముందుకొచ్చేస్తోందని పెద్దాయన నవ్వాడు. రెండో ఆమె నవ్వలేదు. తూటాలు లేవని చూసుకుంది, గడియ చూసింది, పాప కుంకుమ వేళ్ళు చూసింది. "పాప ముట్టుకున్నప్పుడు ఈ గదిలో పెద్దవాళ్ళు ఎవరున్నారు?" అని అడిగింది. మావాడు నా వైపు చూశాడు. ఆ చూపులో నింద లేదు, బతిమాలడం కూడా లేదు. నేను ఇంటర్వ్యూలకు వాడే స్పష్టమైన ఇంగ్లీషులో, "ఎవరూ లేరు" అన్నాను. నిజమే చెప్పాను. ఎందుకు లేరని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. కొంచెం తృప్తిగా కూడా అనిపించింది, దాచడం దేనికి? లైసెన్సు అతనిది, బాధ్యత అతనిదే, నేను అక్కడ కూర్చున్నా చట్టం ముందు అది చాలేది కాదేమో. ఇదంతా తరవాత నాకు నేను చెప్పుకున్న వాదన. నేను అక్కడుంటే పాప చేతికి మాత్రం తుపాకీ అందేది కాదు. ఈ సంగతి మా ఆవిడకు ఈ రోజుకీ తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది.

లైసెన్సు రద్దయింది. తుపాకీని ఆ రోజే గార్డులు పట్టుకెళ్ళారు. ముక్కలు కోయించకుండా ఆపాలంటే ఒకటే దారి, తుపాకులు కొని అమ్మే డీలరుకు ఇచ్చెయ్యడం. కాగితాలయ్యాక గార్డులు దాన్ని డీలరు దగ్గరికి పంపారు. చివరి సంతకం పెట్టడానికి మావాడు వెళ్తుంటే, మా ఆవిడ పోరుపడలేక కారు నేను నడిపాను. ఆ డీలరు గడియను ఒకే ఒక్కసారి, కళ్ళు మూసుకుని లాగాడు. ఇంతలో కొట్లో ఉన్న ఇంకో మనిషి వచ్చి, ఇది అమ్మకానికేనా అని అడిగాడు. "ఇలాంటివి నిలవవు. మధ్యాహ్నానికి ఉండదు" అన్నాడు డీలరు మాతో. తలతిక్క మనుషులకు ఏ దేశంలోనూ కొదవ లేదనుకున్నాను. పసుపు ఇంకా చెక్క గీతల్లో ఉండిపోయింది. మావాడు జేబురుమాలుతో తుడవబోయి మళ్ళీ ఎందుకో మానేశాడు.

తిరుగుదారిలో, నర్సింగ్ హోము దగ్గర ఆపమన్నాడు. కారులో కూర్చుంటానన్నాను గానీ వాన, చలి. లోపలికి వెళ్ళాను. ముసలాయన చిక్కి సగమైపోయాడు. ఎప్పటిలాగే అడిగాడు: "ఆమె ఎలా ఉంది?" మావాడు ఎప్పటిలాగే "గ్రాండ్" అన్నాడు. దసరా తరవాత ప్రతి ఆదివారం ఆ మాటే చెప్పుకొస్తున్నాడని నాకు అప్పుడు తెలిసింది. ఆ రోజు మాత్రం ఆ మాట అంటూ ఆయన దుప్పటి అంచు సర్దాడు. ముసలాయన నా వైపు తిరిగాడు. "ఇతను మెత్తని మనిషి. నేను నొచ్చుకుంటానని ఏదైనా చెబుతాడు. నువ్వు డాక్టరువి, నువ్వు చెప్పు."

నేను కూడా "గ్రాండ్" అన్నాను. ఆయన ఇంకా చూస్తూనే ఉన్నాడు. ఒక్క మాట చాలలేదు. అప్పుడు చెప్పడం మొదలుపెట్టాను. చెక్కకు ఎడమవైపు ముళ్ళకంచె గీసిన గీత అలాగే ఉందన్నాను. చెంప ఆనించే చోట రంగు వెలిసి తేనె రంగుకు వచ్చిందన్నాను. గడియ బొడిపె అరిగి వెండిలా మెరుస్తోందన్నాను. ఎత్తేటప్పుడు ముందు కొంచెం మొరాయించి, ఆ తరవాత తనంతట తానే వస్తుందనీ, టక్ అన్నాక కాస్త ఆగిగానీ చక్ అనదనీ చెప్పాను. ఇదంతా నాకెలా తెలుసో నాకే అర్థం కాలేదు. వెక్కిరించడానికి చూసినన్ని సార్లు నేను నా స్టెతస్కోపునైనా చూసుకోలేదు. ముసలాయన కళ్ళు మూసుకున్నాడు. దుప్పటి మీద ఆయన కుడిచెయ్యి మెల్లగా కదిలింది. ఎత్తింది, వెనక్కి లాగింది, ముందుకి తోసింది, దించింది.

కారెక్కి వైపర్లు వేసి బండి తీశాను. దారిలో నేనే అడిగాను, నన్ను ఉండమన్నావని ఆ రోజు గార్డుతో ఎందుకు చెప్పలేదని. "మీరు డాక్టరు కదన్నయ్యా, మీ పేరు రాసుకుంటే రేపు మీకు ఇబ్బంది. నాదేముంది? ఇంకో పిచ్చి ఏదో ఒకటి పట్టించుకుంటా" అన్నాడు. ముసలాయన ఎండాకాలం రాకముందే పోయాడు. మావాడికి ఆ తరవాత ఏ పిచ్చీ పట్టలేదు. మేం వెళ్తే టీవీ పెట్టుకుని కూర్చుంటాడు, అడిగినదానికి జవాబు చెబుతాడు. నోరు మూసుకున్న మనిషి ఎంత బాగుంటాడోనని అన్నేళ్ళు ఎదురుచూసింది నేనే.

మా ఆవిడ ఆ కొత్త గడియకు నూనె రాయమంటోంది. రాయలేదు. రాస్తే ఇంకా సాఫీగా మోగుతుంది. కాలం అన్నిటినీ మరిపిస్తుందని ఎవరు కనిపెట్టారో గానీ, వాళ్ళ గేటుకు గడియ ఉండి ఉండదు.