రాసినదానికే మార్కు

మా కాల్క్యులస్ మేడం చనిపోయారు. మంగళవారం ఉదయం, తార్నాకలోని తన ఫ్లాటులో, నిద్రలోనే. కబురు పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఒకరు "ఎట్టకేలకు" అని పెట్టి, వెంటనే తీసేశారు. నేను చూశాను. కోపం రాలేదు. ఆమె దగ్గర చదువుకున్నవాళ్లకు ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసు.

యూనివర్సిటీలో ఎమ్మెస్సీ మొదటి ఏడాది, మంచి మార్కులున్న కొద్దిమందికి ఆనర్స్ కాల్క్యులస్ అనే పేపరు ఉండేది. అందులో లెక్క చేసి జవాబు తెస్తే చాలదు, ప్రతి మాటా నిరూపించాలి. నేను నల్గొండ వైపు నుంచి తెలుగు మీడియంలో చదివి వచ్చినదాన్ని. మొదటిరోజే మేడం నన్ను లేపి, లిమిట్ అంటే ఏమిటో చెప్పమన్నారు.

"దగ్గరికి పోవుడు, మేడం."

"ఎంత దగ్గరికి?"

రెండు వేళ్లు దగ్గరగా పెట్టి చూపించాను.

"డిగ్రీలో నీకు నూటికి నూరు వేసినాయన ఎవరో గానీ, నీకు పెద్ద ద్రోహం చేశాడమ్మా," అన్నారు. క్లాసంతా నవ్వింది. గంట కొట్టేదాకా నన్ను కూర్చోనివ్వలేదు.

యాదగిరి ఒక్కడే నవ్వలేదు. మా అందరిలోకీ అతనికే నిజంగా లెక్కలు వచ్చు. మేడం బోర్డు నిండా రాసిన నిరూపణకు అతను కూర్చున్నచోటి నుంచే చిన్న దారి చెప్పేవాడు. ఆమె తలాడించి, రాసింది చెరిపేసేవారు. మెచ్చుకోలు మాట మాత్రం ఒక్కటీ అనేవారు కాదు.

ఆ ఏడాదే తెలంగాణ ఉద్యమం క్యాంపస్‌ను ముంచెత్తింది. క్లాసులు ఆగిపోయాయి. మేడం మాత్రం రోజూ వచ్చి, ఉన్నవాళ్లకే పాఠం చెప్పేవారు. ఒకరోజు యాదగిరితో కలిసి కొందరు క్లాసులోకి వచ్చారు. వాళ్లలో ఒకడు, "అందరు బయట కొట్లాడుతుంటే మీకేమో క్లాస్ కావాలె. మీ ఊరికి పోరాదు, మేడం?" అన్నాడు.

ఆమెది భీమవరం దగ్గర. చర్చి బడిలో పాఠాలు చెప్పుకుని బతికిన కుటుంబం. "మా అమ్మని ఈ ఊళ్లోనే పాతిపెట్టాను. తవ్వుకుని పొమ్మంటావా?" అన్నారు. వాడు తల దించుకున్నాడు. ఆమె అక్కడితో ఆగలేదు. యాదగిరి వైపు తిరిగి, "నువ్విచ్చిన నిరూపణలో మూడో వాక్యం తప్పు. నినాదాల మధ్య తీరిక దొరికితే చూసుకో," అన్నారు. స్నేహితుల ముందు అతని మొహం మాడిపోయింది.

హాస్టల్ మెస్సు మూసేశాక నన్ను తన ఫ్లాటుకు రమ్మన్నారు. "తిను, చదువు. కబుర్లు చెప్పకు," అదీ షరతు. టియర్ గ్యాస్ ఘాటు కిటికీల్లోంచి వచ్చిన రోజు తువ్వాలు తడిపి నా మొహాన వేసి, "ఎక్కడ ఆపాం?" అన్నారు. ఆదివారం చర్చి నుంచి వచ్చి చేపల పులుసు వండేవారు. ముల్లు తక్కువున్న ముక్క నా కంచంలో వేస్తూనే, "నీకు తెలివి తక్కువ. మొండితనం మాత్రం ఉంది, దానితోనే నెట్టుకురా," అనేవారు. నెట్టుకొచ్చాను. ఇవాళ డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతున్నానంటే ఆ డైనింగ్ టేబుల్ చలవే.

పరీక్షలకు కొద్దిగా ముందు, ఊరేగింపులో తొక్కిసలాట జరిగి యాదగిరి కుడి మణికట్టు విరిగింది. ఎడమచేత్తో రాశాడు. సగం కూడా పూర్తికాలేదు. మేడం ఫెయిల్ చేశారు. ఆ పేపరు పోతే రీసెర్చ్ సీటు పోయినట్టే. ఉండబట్టలేక ఇంటికి వెళ్లి అడిగాను.

"అతనికి వచ్చని మీకు తెలుసు కదా, మేడం."

"తెలుసు. నాకంటే బాగా వచ్చు."

"మరి?"

"రాసినదానికే మార్కు. వచ్చినదానికి కాదు."

ఆ మాటలన్నీ యాదగిరికి చెప్పాను. "నాకంటే బాగా వచ్చు" అన్నదగ్గర పక్కకు తిరిగాడు. "గా మాట నా ముందట అనుంటే ఏం పోయేది ఆమెకు?" అన్నాడు. మళ్లీ పరీక్ష రాయలేదు. రాష్ట్రం వచ్చింది. అతను యూనివర్సిటీకి తిరిగి రాలేదు.

మేడం అంత్యక్రియలకు సమాధుల దగ్గర గుప్పెడుమందిమే ఉన్నాం. పాస్టరుగారు ప్రార్థన చేస్తుండగా గేటు బయట యాదగిరి కనిపించాడు. రామంతాపూర్‌లో బ్యాటరీల దుకాణం నడుపుతున్నాడని విన్నాను. జుట్టు నెరిసింది. వెళ్లి, లోపలికి రమ్మన్నాను.

"మన్ను వెయ్యనీకె రాలే. నిజంగనే పోయిందా, చూసి పోదామని వచ్చిన."

"పోయారు."

"మంచిది," అని రోడ్డు దాటాడు.

మట్టి వేసి బయటికి వచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. యాదగిరి అవతల బస్టాపులో నిలబడి ఉన్నాడు. రామంతాపూర్ బస్సు వచ్చి ఆగి, వెళ్లిపోయింది. వెనకే ఇంకోటి వచ్చింది. అతను గేటు వైపే చూస్తూ తడుస్తున్నాడు. ఎక్కలేదు.