అమ్మమ్మ దగ్గర దిద్దిన చెయ్యి

మా అమ్మమ్మ ముప్ఫై ఏళ్ళకు పైగా ఒకే బడిలో పాఠాలు చెప్పింది. ఏలూరు నుంచి పెదపాడు మీదుగా కొల్లేరు వైపు వెళ్ళే బస్సులో చివరి స్టాపుకి ముందు దిగితే మా ఊరు. ఒక పక్క వరి చేలు, ఒక పక్క చేపల చెరువులు, మధ్యలో రెండు గదుల బడి. ఊళ్ళో సంతకం పెట్టగలిగిన ప్రతి చెయ్యీ తను పట్టుకుని దిద్దించినదేనని గొప్పగా చెప్పుకునేది. ఆ గొప్పే చివరికి ఆవిడ మనశ్శాంతికి చేటు తెచ్చింది.

నాన్న తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు గుమస్తా. మేం అక్కడ ఒకే గదిలో ఉండేవాళ్ళం. ఇలాగైతే చదువు సాగదని ఎనిమిదో తరగతిలో నన్ను తెచ్చి అమ్మమ్మ దగ్గర వదిలారు. చదువు బాగుపడిన మాట నిజమే. మనుషుల్ని ఓరకంట చూసే అలవాటు కూడా ఆ ఇంట్లోనే అబ్బింది. ఇదంతా రెండువేల మూడు, నాలుగు ప్రాంతాల మాట.

అక్షరాల విషయంలో అమ్మమ్మది ఒక వింత పట్టుదల. లోకంలో అందరూ అక్షరం రాసి పైన తలకట్టు పెడతారు. ఈవిడ ముందు తలకట్టు పెట్టించి, తర్వాత కింద అక్షరం రాయించేది. "తలగుడ్డ చుట్టుకున్నాకే గదరా చేలోకి దిగుతారు" అనేది. అందువల్ల ఆవిడ దగ్గర చదివినవాళ్ళ రాతలో తలకట్టు అక్షరానికి అంటీ అంటనట్టు కాస్త ఎడంగా ఉంటుంది. నా రాత ఇప్పటికీ అంతే.

పక్కింటావిడ కూడా అలా దిద్దిన మనిషే. నేను పిన్ని అని పిలిచేదాన్ని. అమ్మమ్మ మోకాళ్ళు అరిగిపోయాక ప్రతి ఆదివారం చర్చి మెట్లెక్కించేది ఆవిడే. బడుల్లో మధ్యాహ్న భోజనం కొత్తగా పెట్టినప్పుడు ఆ వంట పని తనకిప్పించమని అడిగింది. అమ్మమ్మ ఆ పనిని మొగుడు పోయి ఇద్దరు పిల్లలతో అవస్థ పడుతున్న ఇంకొకావిడకి ఇప్పించింది. "నీకు మీ ఆయన సంపాదన ఉంది, దానికేముందే పాపం" అంది. "మీరు చెప్పాక ఇంకేముందండీ" అని పిన్ని నవ్వేసి వెళ్ళి, సాయంత్రం చేపల పులుసు పంపింది.

ఆ ఏడాది వానాకాలంలో ఎంఈఓ గారు చెప్పాపెట్టకుండా బడికొచ్చారు. బియ్యం బస్తాలు తూకం వేయించారు, హాజరు పుస్తకం చూశారు, పిల్లల చేత ఎక్కాలు చెప్పించారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు జేబులోంచి ఒక కాగితం తీశారు.

"ఏమీ అనుకోకండి టీచరు గారూ. ఆకాశరామన్న ఉత్తరమండీ. ఇలాంటివి మాకు వస్తూనే ఉంటాయి. మీరు మనసులో పెట్టుకోకండి."

పిల్లల బియ్యం హెడ్మిస్ట్రెస్ సంచిలో ఇంటికి మోసుకుపోతోందనీ, బడిలో చదువు లేదు, ప్రార్థనలేననీ అందులో ఉంది. కింద 'ఇట్లు, గ్రామస్థులు' అని సంతకం. అమ్మమ్మకి ఆ మాటలు అంతగా తగల్లేదు, ఆ రాత తగిలింది. అక్షరాలు కావాలని వంకరగా గీశారు గానీ, తలకట్లన్నీ ఎడంగా నిలబడి ఉన్నాయి. ఎంఈఓ గారిని బతిమాలి ఆ కాగితానికి జిరాక్సు తీయించుకుంది.

ఇంటికొచ్చి నా ముందు పెట్టి, "నా దగ్గర దిద్దిన చెయ్యేనే" అంది. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టిన వాడెవడో తేల్చాలి."

అనుమానం పెనుభూతమంటారు. మా ఇంట్లో అది మూడో మనిషైంది. అమ్మమ్మ కొట్టుకి వెళ్తే సరుకుల చీటీ కొట్టతని చేతే రాయించేది. చెరువు కాపలాదారు కనపడితే, "కళ్ళజోడు మర్చిపోయాన్రా, బస్సు టైములు కాస్త రాసివ్వు" అనేది. కళ్ళజోడు కొంగు చాటునే ఉండేది. ఇంటికి రాగానే ఆ ముక్కల్ని జిరాక్సు పక్కన పెట్టి, వేలితో తలకట్లు కొలిచేది. నేను పక్కన కూర్చుని వీడు కాదు, వాడు కావచ్చు అని వంత పాడేదాన్ని. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు ఆ పని బాగా నచ్చింది.

ఆఖరికి అమ్మమ్మ కన్ను చర్చిలో ప్రార్థన చీటీల పెట్టె మీద పడింది. ఆవిడ స్త్రీల సమాజం కార్యదర్శి. ఎవరి కష్టం వాళ్ళు చీటీ మీద రాసి ఆ పెట్టెలో వేస్తే, శుక్రవారం ఉపవాస ప్రార్థనలో అమ్మమ్మ చదివేది, అందరూ ప్రార్థించేవాళ్ళు, తర్వాత చించేసేవాళ్ళు. ఆవిడ చించడం మానేసింది. కొడుకు తాగుడు, కూతురి కడుపు పండకపోవడం, ఊళ్ళోవాళ్ళ కన్నీళ్ళన్నీ మా ఇంటికొచ్చి జిరాక్సు పక్కన పడుకునేవి. నోటితో చెప్పుకునేవాళ్ళని కూడా రాయమని పట్టుబట్టింది. పిన్ని మాత్రం, "నాది కోడి గీకుడండీ, ఎవరికి అర్థమవుద్ది" అని తప్పించుకునేది. ఆవిడ మీద మాకు అనుమానం రాలేదు. మెట్లెక్కించే చెయ్యిని ఎవరనుమానిస్తారు?

అసలు కష్టం నెల మొదటి ఆదివారం వచ్చింది. ఆ రోజు చర్చిలో ప్రభువు బల్ల. ఎవరి మీదైనా కోపం ఉంచుకుని ఆ రొట్టె, ద్రాక్షారసం ముట్టకూడదు. పదిహేనో ఏట మొదలుపెట్టిన దగ్గర్నుంచి అమ్మమ్మ బల్ల తప్పింది లేదు. ఆ నెల అందరూ ముందుకు వెళ్తుంటే ఆవిడ చాప మీద కూర్చుండిపోయింది. రెండో నెలా అంతే. అప్పటిదాకా ఉత్తరాన్ని నమ్మనివాళ్ళు కూడా గుసగుసలు మొదలుపెట్టారు. నిప్పు లేనిదే పొగ రాదు కదా, బియ్యం తినకపోతే బల్ల ఎందుకు తీసుకోవట్లేదు అన్నారు. ఈవిడ ఊరిని అనుమానిస్తుంటే, ఊరు ఈవిణ్ణి అనుమానించింది.

మూడో నెల పాస్టరయ్యగారు ఇంటికొచ్చారు. "క్షమించేయండమ్మా, పోనివ్వండి" అన్నారు.

"ఎవరో తెలీకుండా ఎవర్ని క్షమించమంటారయ్యగారూ?" అంది అమ్మమ్మ. ఆయన కాఫీ తాగి వెళ్ళిపోయారు.

ఆయన వెళ్ళాక ఆవిడ నాతో, "బల్ల లేకుండానే పోతానేమోనే" అంది. అప్పటిదాకా అది నాకు ఆటలాగే ఉంది. ఆ మాటకి భయమేసింది. మనిషి సగమైపోయిందని అప్పుడే చూశాను.

గురువారం బడి నుంచి రాగానే నోటుపుస్తకంలో కాగితం చింపాను. జిరాక్సు ముందు పెట్టుకుని అక్షరాలు అలాగే వంకర తిప్పాను. తలకట్లు ముందు పెట్టాను, దానికి నాకు కొత్తగా నేర్చుకోవాల్సింది లేదు. 'ఉత్తరం రాసింది నేనే. టీచరు గారు నన్ను క్షమించేలా ప్రార్థన చేయండి' అని రాసి, చీకటి పడకముందే పెట్టెలో వేసి వచ్చాను.

శుక్రవారం ఆ చీటీని ఆవిడ ప్రార్థనలో చదవలేదు. ఇంటికి తెచ్చి జిరాక్సు పక్కన పెట్టి చాలాసేపు చూసింది. కళ్ళజోడు తీసి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఒకటే చెయ్యి అంటావా?" అని నన్నడిగింది.

"ఒకటే అమ్మమ్మా."

నా ముఖంలోకి చూసి, "దిద్దించిన చెయ్యి ఎక్కడికి పోద్దిలే" అంది. ఆ మాట ఉత్తరం రాసినవాళ్ళ గురించో, నా గురించో నాకు ఈనాటికీ తేలలేదు. ఇన్ని చేతిరాతలు చూసిన మనిషి మనవరాలి చేతిరాతను పోల్చుకోలేదంటే నమ్మబుద్ధి కాదు. నమ్మకపోతే ఆవిడ కూడా నాతో కలిసి అబద్ధమాడినట్టవుతుంది.

తర్వాతి బల్ల ఆదివారం ఆవిడ అయ్యగారి అనుమతి అడిగి లేచి నిలబడింది. "మీ చీటీలు దాచుకుని చేతిరాతలు పోల్చాను. అది నా పాపం. నా మీద ఉత్తరం రాసినవాళ్ళు చీటీలో క్షమాపణ అడిగారు. నేను క్షమించాను. ఇక ఎవరని అడగను" అంది.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరు తడుముకుంటారా అని నేను చర్చంతా కలయజూశాను. అందరూ పక్కవాళ్ళ వంక చూస్తున్నారు. అమ్మమ్మ పక్కన కూర్చున్న పిన్ని ఒక్కతే వెనక్కి తిరిగి, గుమ్మం దగ్గరి చీటీల పెట్టె వంక చూస్తోంది. తను వెయ్యని చీటీ ఎలా వచ్చిందా అన్న చూపు అది. అప్పుడే మా కళ్ళు కలిశాయి. ఆవిడ తల దించుకుంది. కాసేపటికి అమ్మమ్మా, ఆవిడా ఒకరి పక్కన ఒకరు మోకరించి, ఒకే గిన్నెలో ద్రాక్షారసం తాగారు.

నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే నా చీటీ సంగతి బయటపడుతుంది, అమ్మమ్మకి మళ్ళీ బల్ల పోతుంది. కానీ నా కడుపు మండిపోయేది. పిన్ని పులుసు పంపితే వంకలు పెట్టేదాన్ని. ఆవిడ అమ్మమ్మ కాళ్ళకి నూనె రాస్తుంటే గుమ్మంలో నిలబడి కాపలా కాసేదాన్ని. మళ్ళీ ఏం ఎత్తు వేస్తోందోనని, ఆవిడ చేసే ప్రతి సేవలోనూ ఒక ఎత్తు వెతికేదాన్ని.

అమ్మమ్మ రిటైరై ఐదేళ్ళు బతికింది. ఒక్క బల్లా తప్పలేదు. పోయిన రోజు మధ్యాహ్నం ఒళ్ళు కడగడానికి పిన్నే ముందుకొచ్చింది. మిగతా ఆడవాళ్ళు తెల్లచీర వెతకడానికి వెళ్ళారు. నేను ఆ గది వదల్లేదు. అప్పటికీ ఆవిణ్ణి అమ్మమ్మ దగ్గర ఒంటరిగా వదలడం నాకిష్టం లేదు.

పిన్ని అమ్మమ్మ పాదం ఒళ్ళో పెట్టుకుని కడుగుతూ, తలెత్తకుండా అడిగింది. "ఆ చీటీ నువ్వే రాశావు గదమ్మా?"

నేను నీళ్ళ బకెట్టు ఆవిడ దగ్గరికి జరిపాను.

"నేను రాయాల్సింది నువ్వు రాశావు. రోజూ చెప్పేద్దామనుకునేదాన్ని, నోరు వచ్చేది కాదు. ఒక్కటి చెప్పు తల్లీ. నేనని టీచరు గారికి తెలుసా?"

ఇన్నేళ్ళూ దొరికిపోతానని భయపడింది కాబోలు అనుకున్నాను. దొరకలేదని తెలిస్తే ఊపిరి పీల్చుకుంటుంది, ఆ ముఖం కూడా చూద్దామనుకున్నాను.

"తెలీదు పిన్నీ. ఆఖరిదాకా తెలీదు."

ఆవిడ చేతిలో తడిగుడ్డ ఆగిపోయింది.

"అయితే ఆవిడ క్షమించింది నన్ను కాదన్నమాట" అంది.

అప్పుడు గానీ ఆవిడ అడిగిందేమిటో నాకు అర్థం కాలేదు. "కాదు పిన్నీ, తెలిసే ఉంటుంది, అమ్మమ్మకి తెలియకుండా ఎలా ఉంటుంది" అని గబగబా అన్నాను. నా మాటని నేనే నమ్మానో లేదో తెలియదు.

పిన్ని నా ముఖంలోకి ఓరగా చూసింది. నమ్మలేదు. చెంబు ముంచుకుని, రెండో పాదం కడగడం మొదలుపెట్టింది.